బహ్రెయిన్ తొలివానలో బావమరిది బస్సు

దుబాయి ఎట్లుంది అని మా వాడకట్టులో అందరూ అడుగుతున్నారు. నేను వెళ్ళింది దుబాయికి కాదు, బహ్రెయిన్‌కి. కానీ మా జగిత్యాల వైపు సముద్రం అవతల ఉన్న ఎడారంతా దుబాయే. మస్కట్ పోయినా దుబాయే, కువైట్ పోయినా దుబాయే. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. "మంచిగనే ఉన్నది" అంటే వాళ్ళకు సరిపోతోంది. ఆ మాట దగ్గర ఆగని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను సైన్యంలో లారీ డ్రైవర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం కాశ్మీరు నుంచి లద్దాఖు పోయే మంచు దారుల్లోనే గడిచింది. ఏడాదికి ఒకసారి సెలవు మీద వచ్చేవాణ్ణి కాబట్టి మా ఊళ్ళో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. సుజాత మొగుడు అనేవాళ్ళు. పోయిన వానాకాలంలో సుజాత జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. మాకు పిల్లలు లేరు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, గంగాధర్. బహ్రెయిన్‌లో కూలీలను క్యాంపు నుంచి సైటుకు చేరవేసే బస్సు నడుపుతాడు. సెలవు దొరకక అక్క చివరిచూపుకు రాలేకపోయాడు. ఎవరో ఫోను ఎత్తి పట్టుకుంటే వీడియోలో చూశాడు. తర్వాత చాలా రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఒక రోజు ఫోను చేసి, "బావా, ఒక్కపారి ఈడికి రారాదు" అన్నాడు. సరే అన్నాను. అక్కడేదో చూద్దామని కాదు. ఆమెను నాకంటే ముందు నుంచి ఎరిగిన మనిషి అతనొక్కడే మిగిలాడు.

గుదైబియాలో అరువు మంచం

గంగాధర్ ఉండేది రాజధానిలో గుదైబియా అనే పేటలో. పాత మేడలు, ఇరుకు సందులు, ప్రతి బాల్కనీలోనూ ఆరేసిన ప్యాంట్లు. ఒక్కో గదిలో ఐదారుగురు మగవాళ్ళు. ఊరికి సెలవు మీద పోయిన నిజామాబాద్ అబ్బాయి మంచం నాకు ఇచ్చారు. తలవైపు గోడకు అతని కూతురి ఫోటో అంటించి ఉంది. రెండు జడలు, ముందు పళ్ళు లేవు. నేనక్కడున్నన్ని రోజులూ నిద్రలేచి మొదట చూసింది ఆ పిల్ల ముఖమే. పేరేమిటో ఎవరికీ తెలియదు.

వెళ్ళేటప్పుడు మామిడికాయ తొక్కు తీసుకెళ్ళాను. మొదటి రోజు అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిని గంగాధర్ ఆగాడు.

"ఇది అక్క వెట్టింది గాదు గద?"

"కాదు. మా చెల్లె వెట్టింది."

అతను తల ఊపి మిగతా అన్నం తినేశాడు. అక్క ఎట్లా పోయింది, ఏం అడిగింది, ఆఖరున ఎవరున్నారు, ఏదీ అడగలేదు. అడిగితే చెబుదామని నేను దారి పొడుగునా మనసులో కూర్చుకుని వచ్చిన మాటలు అట్లాగే ఉండిపోయాయి.

తెల్లవారక ముందే అతను డ్యూటీకి పోయేవాడు. పొద్దుగూకాక వచ్చి స్నానం చేసి తిని పడుకునేవాడు. ఆ మధ్యన పగలంతా నాది. గదిలో రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు తలల మీద దుప్పటి కప్పుకుని పడుకుంటారు కాబట్టి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. బూట్లు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి బయటపడేవాణ్ణి.

వీధి చివర మలయాళీ నడిపే కెఫెటేరియా ఉంది. పాలల్లో మరిగించిన చిక్కటి టీని అక్కడ కరక్ అంటారు. వంద ఫిల్సులు. మన లెక్కలో ఇరవై రూపాయల పైనే. మన ఊళ్ళో టీ తాగితే పక్కవాడి పెండ్లి కబురు దాకా తెలుస్తుంది. అక్కడ గ్లాసు అందుకోవడం, నిలబడి తాగడం, పోవడం. రెండో రోజు మలయాళీ అడిగాడు, ఏ కంపెనీ అని. కంపెనీ లేదు, చూడటానికి వచ్చాను అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు. గుదైబియా చూడటానికి వచ్చినవాణ్ణి అతను అంతవరకు చూసి ఉండడు. ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు గానీ నేను కనిపించగానే టీ పోసేవాడు.

రొట్టెల కొట్టు దగ్గర ముసలాయన

రోజూ సాయంత్రం రొట్టెల కొట్టు ముందు చిన్న గుంపు ఉండేది. మట్టి పొయ్యి లోపలి గోడకు పిండి అతికించి కాలుస్తారు. తువాలంత వెడల్పు రొట్టె. అక్కడ తెల్లటి పొడుగు చొక్కా వేసుకున్న ఒక బహ్రెయినీ ముసలాయన పరిచయమయ్యాడు. పేరు అడిగితే అబూ హసన్ అన్నాడు. అంటే హసన్ తండ్రి. అక్కడ పెద్దమనిషిని పెద్దకొడుకు పేరుతో పిలవడం మర్యాదట. ఆయన కుర్రతనంలో ఇండియా నుంచి వచ్చిన వ్యాపారుల దగ్గర పనిచేశాడు, తర్వాత ముసలితనం దాకా టాక్సీ నడిపాడు. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు.

"నీ కొడుకు పేరేంటి?" అని అడిగాడు. నన్ను ఆ పేరుతో పిలుద్దామని.

"లేడు."

"కూతురా?"

"లేదు."

ఆయన చేతిలో వేడివేడి రొట్టె ఉంది. దాన్ని రెండుగా చించి సగం నాకిచ్చాడు. మెట్టు మీద పక్కపక్కన కూర్చుని తిన్నాం. నేను కూడా డ్రైవర్నే, నా బావమరిది అక్కడే బస్సు నడుపుతాడు అని తెలిశాక ఆయనకు హుషారు వచ్చింది. మంచు మీద బండి ఎట్లా నడుపుతారో చెప్పమన్నాడు. టైర్లకు గొలుసులు కట్టడం, లోయ అంచున ఒంటిదారి, ఎండ తగలని మలుపులో రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టి కంటికి కనపడని మంచు, అన్నీ చెప్పాను.

"మరి అక్కడ బండి ఎట్లా ఆపుతారు?"

"మేం ఆపం. ఆగనిస్తాం. ఆపాలని చూసినవాడు లోయలోకి పోతాడు."

ఆయన ఆ మాటకు చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆకాశం వైపు వేలు చూపించాడు. "ఈ ఏడు ఇంకా వాన పడలేదు. పడిన రోజు మీ బావమరిదికి చెప్పు. నెలల తరబడి రోడ్డు ఇంజనాయిల్ తాగింది, టైర్ల రబ్బరు తిన్నది, పైన ఇసుక. దాని మీద మొదటి వాన పడితే అది నీళ్ళు కాదు, సబ్బు. గట్టి వాన అయితే కడిగేస్తుంది. సన్నటి తుంపరే ప్రమాదం. నీ మంచు గురించి నాకు తెలియదు గానీ, ఇక్కడి తొలివాన కూడా కంటికి కనపడకుండానే తీసుకెళ్తుంది."

జింజ్‌లో శుక్రవారం

మా గదిలో ఏసుపాదం అని పాలకొల్లు వైపు మనిషి ఉన్నాడు. ఎలక్ట్రీషియన్. శుక్రవారం అక్కడ వారపు సెలవు, అయినా పొద్దున్నే గంగాధర్ ఓవర్‌టైంకి పోయాడు. నేను మంచం మీద కూర్చుని ఉంటే ఏసుపాదం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ అన్నాడు.

"ఖాళీగా కూకుని ఏం చేత్తారండీ? మా ప్రార్థన కూడికకి రండి. మతం మార్చేయంలెండి, భోజనం పెట్టి పంపించేత్తాం."

జింజ్ అనే పేటలో ఒక ఫ్లాటు, అందులో పెద్ద హాలు. కుర్చీలు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నర్సులు, మేస్త్రీలు. అంతమంది ఒకేసారి తెలుగు మాట్లాడుతుంటే గుమ్మం దగ్గరే ఆగి విన్నాను. పాటలయ్యాక ఎవరికి ఏ కష్టముందో చెప్పమన్నారు. ఒకరికి వీసా, ఒకరికి తల్లి ఆపరేషను. నా వంతు వచ్చేసరికి, "నా భార్య పోయింది" అని మాత్రం అన్నాను.

ముందు వరుసలో కూర్చున్న రత్నకుమారి గారు వెనక్కి తిరిగారు. ఒక ఇంట్లో వంటమనిషిగా పనిచేస్తారట, యాభై దాటిన మనిషి.

"ఆవిడ పేరేంటి అన్నయ్యా?"

పేరు చెప్పాను. చెబుతూంటే తెలిసింది, నెలల తరబడి ఆ పేరు నేను పైకి అనలేదని. ఆమె లేచి నిలబడి కళ్ళు మూసుకుని, "తండ్రీ, సుజాతమ్మ గారి భర్త మా మధ్య ఉన్నారు, ఆయన్ని ఒంటరిగా పంపొద్దయ్యా" అని మొదలుపెట్టారు. ఆ ప్రార్థన నా దేవుడికి చేసింది కాదు. అయినా తల వంచుకునే ఉన్నాను.

కోడికూర, పప్పుచారు పెట్టారు. వెళ్ళేటప్పుడు గంగాధర్ కోసం డబ్బాలో సర్ది చేతిలో పెట్టారు. బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ వచ్చాను. కారుకు కారు అంటుకున్నట్టే పోతున్నాయి. ఎండు రోడ్డు మీద అది అలవాటు. ముందువాడు ఉన్నట్టుండి ఆగితే వెనకవాడికి చోటు లేదు. ఆ పూట ఆకాశం శుభ్రంగా ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

జిదాఫ్స్ బజారులో మబ్బు

తర్వాత ఒక రోజు గంగాధర్‌కు మధ్యాహ్నం నుంచి సెలవు దొరికింది. చేపలు తిందువుగాని పద అని జిదాఫ్స్ బజారుకు తీసుకెళ్ళాడు. మన అంగడి లాగే గోల. మన దగ్గర చెరువు చేపలు గంపల్లో ఎగురుతుంటాయి, అక్కడ సముద్రం చేపలు ఐసు మీద నిద్రపోతుంటాయి, అంతే తేడా. సాఫీ అనే చిన్న చేపలు బేరమాడి కొన్నాడు. అరబ్బీలో బేరం, హిందీలో తిట్టు, మళ్ళీ అరబ్బీలో నవ్వు. ఇంట్లో నాకు తెలిసిన గంగాధర్ నోరు విప్పని పిల్లవాడు. ఇతను వేరే మనిషి.

బయటికి వచ్చేసరికి గాలి తిరిగింది. పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చింది. కూరగాయల వాళ్ళు పట్టాలు కప్పుతూ నవ్వుకుంటున్నారు. ఎవరో ఆకాశానికి చేతులెత్తి దండం పెట్టారు. వాన వస్తుందంటే అక్కడ పండగే. గంగాధర్ మాత్రం చేపల సంచి పట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోయాడు. పిలిచినా కదలలేదు.

టీ కొట్టులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. టీ వచ్చాక చెప్పాడు.

"పోయినేడు తొలివాన నాడు బస్సు తిప్పేసిన బావా. ముంగట కారు ఆగింది. నేను బ్రేకు గట్టిగ తొక్కిన. బస్సు గిర్రున తిరిగి డివైడర్ ఎక్కింది. లోపట మనోళ్ళే నిండ ఉండిరి. అందరు బతికిండ్రు గని కోరుట్ల పోరడు నరేష్ కాలు ఇరిగింది. వాన్ని ఇంటికి తోలిండ్రు."

"నాకెవరూ చెప్పలేదే!"

"అక్కకొక్కదానికే చెప్పిన. బావకు చెప్పకే, మిల్ట్రీ డ్రైవరు, నవ్వుతడు అన్న."

అతను గ్లాసు తిప్పుతూ కొనసాగించాడు.

"అప్పటిసంది నేను ఫోన్ జేసినప్పుడల్ల అక్క గదే ముచ్చట. తమ్మీ, జారే తొవ్వల బ్రేకు మీద కాలు వెట్టకు, గేరు తగ్గించు, బండి దానంతటదే నెమ్మదైతది. ముంగటి బండికి బారెడు గాదు, బజారెడు ఎడం ఉంచు. బండి ఎనుక భాగం ఎటు జారుతే స్టీరింగు గటే మెల్లగ తిప్పు. నువ్వు ఏ దిక్కు పోవాల్నో గా దిక్కే చూడు, గుద్దుతనేమో అన్న దిక్కు చూడకు."

అవి నా మాటలు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు సుజాత చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టేది. నేను గోడకు ఆనుకుని ఆ మంచు దారుల సంగతులు చెప్పేవాణ్ణి. ఆమె తలెత్తేది కాదు. వేళ్ళు ఆగేవి కావు. మధ్యలో "ఊ" అనేది, అంతే. వినడం లేదనుకునేవాణ్ణి. సైకిలు కూడా తొక్కని మనిషి అన్నేళ్ళ నా మాటల్లో పనికొచ్చేవి ఏరి దాచుకుంది. తమ్ముడికి అవసరమైన రోజున అందించింది. నాకు తెలియనే తెలియదు.

"ఇంకా ఏం చెప్పింది?" అని అడిగాను.

"నెత్తిమీద పెరుగు కుండ వెట్టుకున్నట్టు నడుపు తమ్మీ అనేది. ఉరుకుడు లేదు, ఆగుడు లేదు, గుంజుడు లేదు."

ఆ మాట నాది కాదు. ఆమె సొంతం.

సాయంత్రం ఇద్దరం బస్సు నిలిపి ఉన్న చోటికి వెళ్ళాం. టైర్లు చూశాను. ముందువి పరవాలేదు. వెనకవి అరిగి నున్నగా ఉన్నాయి. గంగాధర్ వర్క్‌షాపు వాళ్ళను అడిగితే రేపు మారుస్తాం అన్నారు. గాలి సరిచూశాం, వైపర్ల రబ్బరు తుడిచాం, లైట్ల మీద దుమ్ము కడిగాం. అతను చివరికి అన్నాడు, "బావా, పొద్దున వాన వడితే నాతోని వస్తవా? నడపకు. పక్కన కూసో, సాలు."

హిద్ద్ దారిలో

పొద్దున లేచేసరికి తుంపర పడుతోంది. ముసలాయన భయపెట్టిన సన్నటి తుంపరే.

హిద్ద్ వైపు సైటుకు పోవాల్సిన కూలీలు క్యాంపు దగ్గర తలల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుని వచ్చి ఎక్కారు. సిరిసిల్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు వాళ్ళు చాలామంది. డ్రైవర్ పక్క సీట్లో నన్ను చూసి, "ఎవరన్నా ఈనె?" అని ఒకరు అడిగితే, "మా బావ" అన్నాడు గంగాధర్. ఎక్కిన కాసేపటికే అందరూ తలలు వాల్చి నిద్రపోయారు. డ్రైవర్ మీద అంత నమ్మకం. వాళ్ళ నిద్ర బరువు నా వీపు మీద తెలుస్తూనే ఉంది.

అక్కడ స్టీరింగు ఎడమ వైపు, బండ్లు కుడి వైపు. నేను కూర్చున్నది మన దేశంలో అయితే డ్రైవర్ సీటు. కాలి కింద ఏమీ లేకపోయినా నా కుడికాలు బ్రేకు వెతుక్కుంటోంది. రోడ్డు మీద తెల్లటి నురుగు లేస్తోంది, బట్టలు ఉతికిన చోట మురికి నీళ్ళ నురుగులాగా. మొదటి రౌండబౌట్ దగ్గరే ఒక కారు పేవ్‌మెంట్ ఎక్కి నిలబడి ఉంది. దాని డ్రైవరు బయట తడుస్తూ ఫోను మాట్లాడుతున్నాడు.

గంగాధర్ రెండో గేరులో తిప్పాడు. వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఒక పెద్ద కారు మా పక్క నుంచి నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయింది. అద్దం మీద ఆవిరి పట్టింది. నేను గుడ్డతో తుడిచాను. ముందు బస్సుకూ మాకూ మధ్య మంచి ఎడం ఉంది. ఆ ఎడంలోకి ఎవడో ఒకడు దూరుతూనే ఉన్నాడు. దూరిన ప్రతిసారీ గంగాధర్ ఏమీ అనకుండా మళ్ళీ వెనక్కి తగ్గి చోటు చేస్తున్నాడు. అట్లా ఓర్చుకోవడం కష్టం. సైన్యంలో కాన్వాయ్‌లో మాకు అధికారుల భయం ఉండేది. అతనికి ఏ భయం లేదు, అక్క మాట తప్ప.

ఫ్లైఓవర్ ఎక్కి దిగుతున్నాం. దిగువన, మమ్మల్ని దాటిపోయిన ఆ పెద్ద కారు బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. కారు అడ్డం తిరిగింది. తిరుగుతూనే రెండు వరుసలు మూసేసింది.

నా నోట్లో "బ్రేక్ తొక్కకు" అన్న మాట వచ్చేసింది. పెదవి దాటే లోపల గంగాధర్ గొంతు వినపడింది. నాతో కాదు, తనలో తాను.

"పెరుగు కుండ... పెరుగు కుండ..."

యాక్సిలరేటర్ మీద కాలు తీశాడు. గేరు తగ్గించాడు. నున్నటి వెనక టైర్లు జారాయి. బస్సు వెనక భాగం కుడివైపు ఊగింది. ఆ ఊపు నాకు తెలిసిందే, లద్దాఖు దారిలో జోజిలా కనుమ మంచు మీద ఎన్నోసార్లు చూసిందే. అతను స్టీరింగును అటువైపే ఒక్క రవ్వ తిప్పాడు, బస్సు సర్దుకోగానే వెనక్కి తెచ్చాడు. కళ్ళు కారు మీద లేవు. దాని పక్కన ఖాళీగా ఉన్న ఒక్క వరుస మీద ఉన్నాయి. బ్రేకు తాకుతూ వదులుతూ, తాకుతూ వదులుతూ, ఆ ఖాళీలోంచి బస్సు నడక వేగంతో దాటింది. కిటికీలోంచి ఆ కారు నడిపే కుర్రాడి ముఖం కనపడింది. నోరు తెరుచుకుని ఉన్నాడు.

వెనక నుంచి నిద్రగొంతు వచ్చింది. "ఏమైంది గంగన్నా?"

"ఏం గాలే. పండుండ్రి."

బంకు ముందు ఆగిన చోటు

అంతటితో అయిపోలేదు. తుంపర కుండపోత అయింది. ఆ ఊళ్ళో నెలల తరబడి నీళ్ళు పారని కాలువలు ఆ వాన తట్టుకోలేవు. హిద్ద్ దారిలో అండర్‌పాస్ దగ్గరికి చేరేసరికి లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒక చిన్న లారీ అందులోకి దిగి, చక్రాలు మునిగి ఆగిపోయింది. లోతు ఎంతో తెలియదు. కింద రోడ్డు ఉందో గుంత ఉందో తెలియదు.

గంగాధర్ పక్కకు తీసి, ఎత్తు మీద ఉన్న పెట్రోలు బంకు ముందు బస్సు ఆపాడు. ఫోను మోగింది. సూపర్‌వైజర్. పద పదమని తరుముతున్న గొంతు నాకూ వినపడుతోంది.

"యల్లా గంగా, యల్లా! సైట్ పే సబ్ వెయిటింగ్!"

"సాబ్, పానీ బహుత్ హై. నై జాయేగా."

"దూస్రా బస్ గయా నా? తుమ్ భీ జావ్!"

గంగాధర్ నా వైపు చూశాడు. నేను సలహా ఇవ్వలేదు. ఇంకో బస్సు పోయింది కదా, నువ్వూ పో అంటున్న అవతలివాడి మాట వింటే బస్సు నీళ్ళలోకి. వినకపోతే ఉద్యోగం ఏమవుతుందో. ఇది నేను చెప్పాల్సింది కాదనిపించింది. అతను అద్దంలో వెనక వాళ్ళను చూశాడు. లేచి కూర్చుని చెవులు రిక్కించి వింటున్నారు.

"ఖలాస్ సాబ్. ఈడనే ఆపిన," అని తెలుగులో అనేసి ఫోను పెట్టేశాడు.

వాన బస్సు టాపు మీద మోగుతోంది. సిరిసిల్లాయన ఒకరు మెల్లగా అన్నారు, "ఓవర్‌టైం పోయినట్టేనా గంగన్నా?"

ఆయన పక్కనున్నాయన కసిరాడు. "పానముంటే రేపు జేస్తవ్ ఓవర్‌టైం. నరేష్‌గాని కాలు యాది మరిచినవా?"

ఆ పేరు వినగానే గంగాధర్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. మొదట అలసట అనుకున్నాను. తర్వాత వీపు ఎగరడం చూశాను. నరేష్ కోసం కాదు ఆ ఏడుపు, లేదా నరేష్ ఒక్కడి కోసం కాదు. "అక్కా" అన్నాడు ఒక్కసారి. అక్క పోయిన ఇన్ని నెలలకు, పరాయి దేశంలో బంకు ముందు, పట్టపగలు, బస్సు నిండా జనం మధ్య ఏడ్చాడు.

నేను అతని వీపు మీద చెయ్యి వేశాను. ఆఖరు రోజు సంగతి అప్పుడు చెప్పాను. అడగకుండానే చెప్పాను. ఆస్పత్రిలో నీళ్ళు అడిగిందని, నేను ఉన్నానని, కిటికీ తెరవమందని, బయట వాన పడుతుంటే ఆ చప్పుడు వింటూ పడుకుందని. అతను తల ఎత్తకుండానే విన్నాడు. వెనక వాళ్ళు టిఫిను డబ్బాలు విప్పి, ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె ముందుకు అందించారు. తిన్నాం.

వాన తగ్గి, ట్యాంకర్లు వచ్చి నీళ్ళు తోడేసరికి మధ్యాహ్నం అయింది. ముందు వెళ్ళిన రెండో బస్సు ఇంజనులోకి నీళ్ళు పోయి దారిలోనే నిలిచిపోయిందని తర్వాత తెలిసింది. అందులో వాళ్ళు నడుముల లోతు నీళ్ళలో దిగి నడిచారట. అయినా సూపర్‌వైజర్ గంగాధర్‌ను మెచ్చుకోలేదు. మాట విననందుకు వచ్చే రెండు శుక్రవారాలు సెలవు లేదన్నాడు. వెనక టైర్లు మాత్రం మర్నాడే మారాయి.

ఆఖరు పొద్దు

తర్వాతి రోజులు ఎండ కాసింది. రోడ్లు ఎండిపోయి మళ్ళీ కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరిగెత్తాయి. గంగాధర్ ఇప్పుడు తింటూ తింటూ అక్క గురించి ఏదో ఒకటి అనేవాడు. చిన్నప్పుడు తనను బడికి ఎత్తుకుపోయిందనో, జొన్నరొట్టె మీద చక్కెర వేసి ఇచ్చేదనో. నాకు తెలియని సుజాత. పెళ్ళికి ముందు సుజాత. వింటూ కూర్చునేవాణ్ణి. వినేకొద్దీ ఆమె ఇంకా ఎక్కువైంది, ఆమె లేకపోవడమూ ఎక్కువైంది.

నేను తిరిగి వచ్చే రోజు అతనికి డ్యూటీ. సందు మొదట్లో బస్సు ఆపి దిగి, నా కాళ్ళకు మొక్కాడు. బస్సులోంచి కొందరు చెయ్యి ఊపారు. సిరిసిల్లాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "మల్ల రా బావా" అన్నారు. నేను అందరికీ బావనైపోయాను.

"పదిలం," అన్నాను గంగాధర్‌తో. ఇంకా ఏదో చెప్పాలి అనుకున్నాను గానీ వెనక కార్లు హారన్ కొడుతున్నాయి.

బస్సు పోయింది. మూల తిరిగే దాకా చూశాను. పగలు మళ్ళీ నా ఒక్కడిదే అయింది. గదిలో నిద్రపోయేవాళ్ళను లేపకుండా పెట్టె తెచ్చుకుని, రోడ్డు మీదికి వచ్చి టాక్సీ ఆపాను. డ్రైవరు మంచి కుర్రాడు, దిగి పెట్టె తనే లోపల పెట్టాడు. సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకుంటూ, ఎక్కడికి అని హిందీలో అడిగాడు.

"ఇంటికి," అన్నాను.

ఏ ఇల్లు అన్నట్టు అద్దంలో నా ముఖం చూశాడు. నేనూ చూసుకున్నాను.

"ఎయిర్‌పోర్టుకి," అన్నాను.